ఇందిరమ్మ ఇళ్ల నిధుల్లో కొంత భాగాన్ని అద్దె సాయానికి కేటాయించాలా?

పట్నం కిరాయి (చర్చ ప్రారంభం):

తెలంగాణ ప్రభుత్వం 2024 మార్చి 11న భద్రాచలంలో ప్రారంభించిన ఇందిరమ్మ ఇళ్ల పథకం కింద, సొంత జాగా ఉన్న పేద కుటుంబానికి ఇల్లు కట్టుకోవడానికి 5 లక్షల రూపాయలు విడతలవారీగా ఇస్తున్నారు. నియోజకవర్గానికి కనీసం 3,500 చొప్పున తొలి దశలో నాలుగున్నర లక్షల ఇళ్లు కట్టించాలన్నది లక్ష్యం కాబట్టి, మొత్తం ఖర్చు 22,500 కోట్ల రూపాయలు. ఈ పథకం మంచిదే. నా అభ్యంతరమంతా సొంత జాగా ఉండాలన్న షరతు మీదే.

దరఖాస్తుదారుల్లో జాగా ఉన్నవారిని ఎల్‌1 అనీ, జాగా కూడా లేనివారిని ఎల్‌2 అనీ విడదీసి, ముందుగా ఎల్‌1 వారికి మంజూరు చేశారు. హైదరాబాద్‌లో నాలుగిళ్లలో పాచిపని చేసే మనిషికీ, అపార్ట్‌మెంటు వాచ్‌మన్‌కీ, తెల్లవారక ముందే కూలీ అడ్డా మీద నిలబడే మేస్త్రీకీ గజం జాగా ఎక్కడిది? బోరబండలోనో జగద్గిరిగుట్టలోనో ఒక రేకుల గది, నాలుగు కుటుంబాలకు ఒకే బాత్‌రూమ్, కరెంటుకూ నీళ్లకూ వేరే లెక్క. నెల సంపాదనలో మూడో వంతు అలా పోయేవారికి ఈ పథకం తొలి దశలో చోటు లేదు. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలోని పట్టణ కుటుంబాల్లో నాలుగో వంతుకు పైగా అద్దె ఇళ్లలోనే ఉన్నాయి. అదే లెక్కల్లో పట్టణాల్లో ఖాళీగా ఉన్న ఇళ్లు కోటీ పది లక్షలని కూడా తేలింది.

ఈ నిధుల్లో పదో వంతు, అంటే 2,250 కోట్లు, పట్టణ అద్దెదారులకు కేటాయించాలని నా ప్రతిపాదన. నెలకు 3,000 చొప్పున లెక్కిస్తే లక్షా పాతిక వేల కుటుంబాలకు ఐదేళ్ల పాటు సాయం అందుతుంది. ఒక్క ఇంటికిచ్చే 5 లక్షలు ఒక కుటుంబానికి దాదాపు 14 ఏళ్ల అద్దె సాయంతో సమానం.

పాలకుర్తి రైతుబిడ్డ:

ఆ 14 ఏళ్లు గడిచాక ఆ కుటుంబం చేతిలో ఏం మిగులుతుందో కూడా లెక్క వేయండి. ఇల్లయితే మిగులుతుంది, అదీ ఆడమనిషి పేరు మీద ఉంటుంది. ఉమ్మడి రాష్ట్రంలో 2006లో మొదలైన ఇందిరమ్మ కార్యక్రమంలో మా ఊళ్లో కట్టుకున్న ఇళ్లలో నేటికీ మనుషులు కాపురం ఉంటున్నారు. పిల్లకు సంబంధం వచ్చినా, పెద్దవాళ్లు మంచాన పడినా, అప్పు పుట్టాలన్నా ఆ ఇల్లే ఆధారం. అద్దె సాయం పేదవాడి చేతిలో పూట కూడా నిలవకుండా ఓనర్ జేబులోకి పోతుంది. సర్కారు 3,000 ఇస్తోందని తెలిసిన మరుసటి నెలలోనే కిరాయి వెయ్యి పెరగదని మీరు హామీ ఇవ్వగలరా?

మరో సంగతి. బేస్‌మెంట్ పూర్తయ్యాకే మొదటి లక్ష వస్తుంది. అంతవరకూ పునాది తవ్వకానికీ, రాయికీ, సిమెంటుకూ, మేస్త్రీ కూలికీ ఆ కుటుంబమే వడ్డీకి తెచ్చుకోవాలి. 400 చదరపు అడుగులకు తగ్గకుండా, 600 దాటకుండా కట్టాలన్న నిబంధన ప్రకారమే కట్టినా, స్లాబు పడేసరికి చేతిలో చిల్లిగవ్వ ఉండదు. ఇప్పటికే చాలీచాలని పద్దులో పదో వంతు కోసేస్తామంటే ఊళ్లలో సగంలో ఆగిన గోడలే మిగులుతాయి.

ఔటర్ అవతల:

నాకు నగరం అంచున ఒక సముదాయంలో సర్కారు ఇచ్చే డబుల్ బెడ్‌రూమ్ ఇల్లు వచ్చింది. 560 చదరపు అడుగులు, రెండు గదులు, హాలు, వంటిల్లు, రెండు బాత్‌రూమ్‌లు. మా ఇంటిల్లిపాదీ పదకొండేళ్లు ఒకే గదిలో ఉన్నవాళ్లం కాబట్టి ఆ ఇంటి విలువ నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు. అయితే నేను పనిచేసే ఇళ్లు అమీర్‌పేట వైపు ఉన్నాయి. ఏడింటికల్లా మొదటి ఇంట్లో గిన్నెలు తోమాలంటే నేను చీకటితోనే బయల్దేరాలి, రెండు బస్సులు మారాలి. ఉదయం మూడిళ్లు చేసేదాన్ని, ఇప్పుడు రెండే కుదురుతున్నాయి. మా ఆయన వారమంతా పనిచేసే చోటే పడుకుని ఆదివారం ఇంటికి వస్తున్నాడు. మా అంతస్తులో తాళాలు వేసి పాత బస్తీలకే వెళ్లిపోయిన కుటుంబాలు ఉన్నాయి, నిబంధన ఒప్పుకోకపోయినా ఇతరులకు కిరాయికి ఇచ్చినవారూ ఉన్నారు. నేను వాళ్లను తప్పు పట్టలేను.

అయినా ఈ ఇల్లు వదులుకుని నెలకు 3,000 తీసుకోమంటే తీసుకోను. ఇక్కడ నన్ను ఖాళీ చేయమని అడిగేవారు లేరు. రైతుబిడ్డ అన్న చెప్పిన మాట నా విషయంలో నిజం. కాకపోతే ఈ ఇల్లు నా పనికి దగ్గరలో ఉండి ఉంటే, అది ఒక గదే అయినా, సర్కారుకు కిరాయి కట్టి ఉండమన్నా, నేను అదే కోరుకునేదాన్ని.

పట్నం కిరాయి:

అమ్మా, మీరు చెప్పినదానికి అహ్మదాబాద్‌లో గట్టి సాక్ష్యం ఉంది. అక్కడ 1987లో బీడీ కార్మిక మహిళలకు లాటరీ తీసి, నగర కేంద్రానికి 12 కిలోమీటర్ల అవతల తక్కువ ధరకు ఇళ్లు కేటాయించారు. 14 ఏళ్ల తర్వాత పరిశోధకులు లాటరీలో గెలిచినవారినీ ఓడినవారినీ పోల్చి చూశారు. ఆ పరిశోధన 2017లో ప్రచురితమైంది. గెలిచినవారిలో 34 శాతం మంది అసలు ఆ ఇళ్లలోకి వెళ్లనే లేదు, మరో 32 శాతం వెళ్లి తిరిగి వచ్చేశారు. ఇల్లు మెరుగైందే తప్ప సంపాదనలో గాని, పిల్లల చదువులో గాని చెప్పుకోదగ్గ తేడా రాలేదు. ఇరుగుపొరుగు సాయానికి దూరమై, కష్టకాలంలో ఆదుకునే మనుషులు తగ్గిపోయారు. పేదవాడికి ఇల్లెంత అవసరమో, ఆ ఇల్లు ఎక్కడుందన్నదీ అంతే ముఖ్యం.

పాలకుర్తి రైతుబిడ్డ:

అహ్మదాబాద్ సంగతి చెప్పినవారు ముంబయి సంగతి కూడా చెప్పాలి. అక్కడి రాష్ట్ర గృహనిర్మాణ సంస్థ లాటరీలో ఇల్లు వచ్చినవారి మీద జరిగిన పరిశోధనలో, వారి పిల్లలు ఎక్కువ చదువుకున్నారనీ, ఉద్యోగాల్లోనూ ముందున్నారనీ తేలింది. వారిలో చాలామంది ఆ ఇంటిని కిరాయికిచ్చి తాము మరోచోట ఉంటున్నారు. అంటే ఇంట్లో ఉన్నా లేకపోయినా ఆస్తి ఆస్తిగానే ఆదుకుంది. అక్కడ అలా కిరాయికి ఇవ్వడానికి అవకాశం ఉంది, మన దగ్గర లేదు. ముందు ఆ నిబంధన సంగతి మాట్లాడండి.

కృష్ణలంక:

ఎల్‌2 వారికి కూడా జాగా ఇచ్చేస్తే సరిపోతుందని కొందరు అంటున్నారు కాబట్టి మా అనుభవం చెబుతాను. ఆంధ్రప్రదేశ్‌లో 2020 డిసెంబరు 25 నుంచి 30 లక్షలకు పైగా పట్టాలు పంచారు. పట్టణాల్లో సెంటు, పల్లెల్లో సెంటున్నర. ఇంటికి ఇచ్చిన సాయం 1.80 లక్షలు. విజయవాడలో రిక్షా తొక్కేవారికీ హమాలీలకూ ఊరికి దూరంగా స్థలాలు వచ్చాయి. ఆ డబ్బుతో ఇల్లు లేవక, మిగతాది తెచ్చుకునే దారి లేక పునాదుల దగ్గరే వదిలేసినవారున్నారు. అందుకే 2025లో ఎస్సీ, బీసీలకు 50 వేలు, ఎస్టీలకు 75 వేలు అదనంగా ప్రకటించాల్సి వచ్చింది. వీరంతా పట్టా చేత పట్టుకుని కూడా నగరంలో కిరాయి కడుతూనే ఉన్నారు.

పద్దుల మనిషి:

నేను ప్రభుత్వ లెక్కల విభాగంలో పనిచేసి విశ్రాంతి తీసుకున్నవాణ్ణి. అద్దె సాయం మంచిదా చెడ్డదా అన్నదాని కంటే, ప్రతి నెలా తప్పకుండా చెల్లించే శక్తి ఖజానాకు ఉందా అన్నదే నన్ను కలవరపెడుతోంది. ఫీజు రీయింబర్స్‌మెంట్ బకాయిలు ఎన్నేళ్లుగా పేరుకుపోయాయో కాలేజీలన్నిటికీ తెలుసు. ఆ బకాయి పడినప్పుడు కాలేజీ యాజమాన్యం సర్టిఫికెట్లు ఆపింది, పిల్లవాడు ఇబ్బంది పడ్డాడు, అయినా చదువు ఏదోలా సాగింది. అద్దె విషయంలో అంత వెసులుబాటు ఉండదు. రెండు నెలలు బిల్లు ఆగితే మూడో నెలలో సామాను వీధిలో ఉంటుంది. ఆర్థిక సంవత్సరం చివర, మార్చిలో, బిల్లులన్నీ ఆగిపోయే కాలం ప్రతి ఏటా వస్తుంది. ప్రభుత్వ సాయం వస్తుందన్న ధీమాతో కాస్త పెద్ద గదికి మారిన కుటుంబం ఆ నెల ఏం చేయాలి? ఇంటికిచ్చే విడత ఆలస్యమైతే గోడ ఆగుతుంది, ఆ కుటుంబం పాత గుడిసెలోనే మరికొన్నాళ్లు ఉంటుంది. రెండు నష్టాలూ ఒకటి కావు.

కనుక నెలనెలా నగదు ఇచ్చే పద్ధతిని నేను సమర్థించను. ఒకేసారి ఇచ్చి చేతులు దులుపుకోగల సాయమేదైనా ఉంటే చెప్పండి, ఆలోచిద్దాం.

మూడు పోర్షన్ల ఓనర్:

ఇక్కడ అందరూ ఓనర్లను దోషులుగా చూస్తున్నారు గనుక నా వైపు సంగతి కూడా వినండి. నాది కుత్బుల్లాపూర్‌లో మూడు పోర్షన్ల ఇల్లు. కిరాయిదారులతో కాగితం మీద ఏమీ రాసుకోలేదు. 1960 నాటి అద్దె నియంత్రణ చట్టం అంటే మా తరం వారికి ఒకటే భయం, కోర్టుకెక్కితే మన ఇల్లు మనకు ఎప్పుడు వస్తుందో తెలియదని. పేరు ఎక్కడ నమోదైనా ఆస్తి పన్ను పెంచుతారేమోనన్న భయం మరొకటి. ప్రభుత్వ సాయానికి అద్దె ఒప్పందం కావాలంటే నాలాంటివారు సంతకం పెట్టరు, ఆ కిరాయిదారుణ్ణే వద్దంటారు.

గృహజ్యోతిలో ఏమైందో చూడండి. 200 యూనిట్ల లోపు ఉచిత కరెంటు కిరాయిదారులకూ వర్తిస్తుందన్నారు. కానీ మూడు పోర్షన్లకు ఒకే మీటరు ఉన్న ఇళ్లలో అందరి వాడకం కలిపి 200 దాటిపోయి, ఎవరికీ దక్కలేదు. కాగితాల్లో కనిపించని అద్దెదారుడికి సాయం చేరవేయడం మీరనుకున్నంత సులువు కాదు.

ఎడిసన్ తెలుగువాడు:

అమెరికాలో 1974 నుంచి అద్దె వోచర్లు ఉన్నాయి. కుటుంబం తన ఆదాయంలో దాదాపు 30 శాతం అద్దెగా కడుతుంది, మిగతాది ప్రభుత్వం నేరుగా యజమానికే చెల్లిస్తుంది. అర్హులైన ప్రతి నాలుగు కుటుంబాల్లో ఒకదానికే ఏదో ఒక అద్దె సాయం అందుతోంది, మిగిలినవారు ఏళ్ల తరబడి వరుసలో ఉంటారు. వోచర్ ఉన్నవారికి ఇల్లు ఇవ్వనని చెప్పే యజమానులు చాలా చోట్ల ఉన్నారు; న్యూజెర్సీలో మాత్రం అలా నిరాకరించడం చట్టవిరుద్ధం. మన దగ్గర టులెట్ బోర్డు చూసి వెళ్లిన మనిషిని కులమూ మతమూ అడిగి వెనక్కి పంపుతున్నారు. ఆ నిరాకరణను ఆపే నిబంధన లేకుండా చేతికి డబ్బు మాత్రమే ఇస్తే, ఎక్కువ అవసరమున్న దళిత, ముస్లిం కుటుంబాలకే ఆ సాయం ఉపయోగపడదు.

పట్నం కిరాయి:

పద్దుల మనిషి గారి అభ్యంతరానికి సమాధానం చెప్పి తీరాలి కాబట్టి ప్రతిపాదనను మార్చి రాస్తున్నాను. మొదటిది అడ్వాన్సు నిధి. గది మారాలంటే పేదవాడు ముందుగా తడబడేది రెండు నెలల అడ్వాన్సు దగ్గరే. 2021 నాటి కేంద్ర నమూనా అద్దె చట్టం కూడా నివాస గృహాలకు డిపాజిట్ రెండు నెలల అద్దెను మించకూడదంటోంది. ఆ మొత్తాన్ని ప్రభుత్వం ఒకేసారి యజమానికి జమ చేసి, కుటుంబం ఖాళీ చేసినప్పుడు వెనక్కి తీసుకోవచ్చు. సంతకం పెట్టిన యజమానికి ఆస్తి పన్ను పెంచబోమని రాతపూర్వకంగా హామీ ఇస్తే ఓనర్ గారి భయం కొంత తీరుతుంది.

రెండోది ప్రభుత్వ అద్దె ఇళ్లు. 2024లో వచ్చిన రెండో విడత పట్టణ ప్రధానమంత్రి ఆవాస్ యోజనలో అద్దె ఇళ్లకు ప్రత్యేక విభాగం ఉంది; ఖాళీగా ఉన్న ప్రభుత్వ ఇళ్లను అద్దెకివ్వడానికి అందులో వీలుంది. 2020లో వలస కార్మికులు వందల కిలోమీటర్లు నడిచి వెళ్లాక కేంద్రం ఇలాంటి పథకాన్నే తెచ్చింది, చండీగఢ్‌లో ఖాళీ ఇళ్లను అలా వాడుకున్నారు. మన నగరంలోనూ తాళాలు పడిన ఇళ్లలో పని దొరికే చోటికి దగ్గరగా ఉన్నవాటినే ఎంచుకోవాలి. దూరంగా ఉన్నవాటిని ఇలా వాడితే ఔటర్ అవతల అమ్మ పడుతున్న కష్టమే మరొకరికి వస్తుంది.

పద్దుల మనిషి:

అడ్వాన్సు నిధి నాకు సమ్మతమే. తిరిగొచ్చే డబ్బు గనుక ఖజానాకు భారం తక్కువ, ఒక నెల బిల్లు ఆగినా ఎవరి సామానూ వీధిలో పడదు. రెండో ప్రతిపాదనలో మాత్రం లిఫ్టు, నీటి మోటారు, పారిశుధ్యం ఖర్చు ఎవరిదో ముందే రాసుకోవాలి. వసూలయ్యే అద్దెను ఆ భవనం నిర్వహణ ఖాతాలోనే ఉంచి, మరో పద్దుకు మళ్లించకుండా జీవోలోనే కట్టుదిట్టం చేయాలి.

పాలకుర్తి రైతుబిడ్డ:

పట్నంలో అడ్వాన్సు ఇవ్వండి, ఖాళీ ఇళ్లు కిరాయికివ్వండి, మాకు అభ్యంతరం లేదు. దానికి వేరే పద్దు తెరవండి. బేస్‌మెంట్ లేపి మొదటి లక్ష కోసం ఎదురుచూస్తున్న ఇంటి డబ్బులోంచి తీస్తామంటే మాత్రం ఒప్పుకోం.