క్యూసీకి, ప్రొడక్షన్‌కి మధ్య మాటలు ఆగిపోయాయి. ఇన్‌ఛార్జిగా ఎక్కడ మొదలుపెట్టాలి?

ప్రశ్న: కొత్త ఇన్‌ఛార్జి

జీడిమెట్ల ప్రాంతంలోని ఒక మాత్రల తయారీ యూనిట్‌లో క్యూసీ (నాణ్యత పరీక్షలు చేసే) విభాగం బాధ్యతను ఈ మధ్యే తీసుకున్నాను. మా విభాగంలోని ఒక సీనియర్ మహిళా అనలిస్టుకు, రాత్రి షిఫ్టు చూసే ప్రొడక్షన్ ఇన్‌ఛార్జికి నేను రాకముందు నుంచే పొసగడం లేదు. గత నెలలో ఒక బ్యాచ్‌కు అస్సే (మాత్రలో అసలు మందు ఎంత ఉందో చూసే పరీక్ష) ఫలితం పరిమితికి దిగువన రావడంతో ఆమె దానిని ఓఓఎస్‌గా (పరిమితికి వెలుపలి ఫలితంగా) నమోదు చేసి క్యూఏకు (నాణ్యతా హామీ విభాగానికి) తెలియజేశారు. దానికి ఆయన, "పోయినసారి వేరే షిఫ్టు బ్యాచ్ డిసల్యూషన్‌లో (మాత్రలోని మందు నిర్ణీత సమయంలో ఎంత కరుగుతుందో చూసే పరీక్షలో) తప్పితే మళ్లీ మాత్రలు వేసి పాస్ చేశారు, నా బ్యాచ్ దగ్గరికి వచ్చేసరికి రూల్స్ గుర్తొచ్చాయా?" అని పదిమందిలో నిలదీశారు. అప్పటి నుంచి ఇద్దరూ ఎదురుపడినా పలకరించుకోవడం లేదు. శాంపిల్ వచ్చిందన్న సంగతి కూడా హెల్పర్ నోటి ద్వారానో, పైవాళ్లందరినీ కాపీలో పెట్టిన మెయిల్ ద్వారానో చేరుతోంది.

ఇద్దరినీ కూర్చోబెట్టి రాజీ చేయమని ప్లాంట్ హెడ్ గారు అంటున్నారు. అలా చేస్తే సర్దుకుంటుందా, ఇంకా ముదురుతుందా?

జవాబు: క్యూఏ పాతకాపు

రాజీ అనే మాటను ముందుగా పక్కన పెట్టండి. రాజీ అంటే ఇద్దరూ చెరికొంత వదులుకోవడం. పరీక్ష ఫలితంలో వదులుకోవడానికి ఏమీ ఉండదు. 1993లో బార్ లేబొరేటరీస్ అనే మందుల కంపెనీ కేసులో అమెరికా ఫెడరల్ కోర్టు తేల్చినది ఇదే: కారణం కనుక్కోకుండా, పాసయ్యేదాకా పరీక్షలు చేస్తూ పోవడం కుదరదు. మీ అనలిస్టు చేసింది సరైన పని, ఆ సంగతిని మీరు అందరికీ తెలిసేలా చెప్పాలి. లేదంటే రేపు మరో అనలిస్టు గొడవెందుకులే అని చూసీ చూడనట్టు ఊరుకుంటారు.

అయితే ఆయన ఆరోపణను కూడా కొట్టిపారేయకండి, ఎందుకంటే అది అబద్ధం కాదు, అరకొరగా తెలిసిన నిజం. డిసల్యూషన్ పరీక్షను ఫార్మకోపియాయే (మందుల ప్రమాణాల అధికారిక గ్రంథమే) మూడు దశలుగా నిర్దేశించింది: మొదట 6 మాత్రలు, అవి ప్రమాణాన్ని అందుకోకపోతే మరో 6, అప్పటికీ తేలకపోతే ఇంకో 12. మొదటి దశ దాటనంత మాత్రాన బ్యాచ్ తప్పినట్టు కాదు. అస్సేకు అలాంటి దశలు లేవు. పరిమితి దాటిన ఫలితం వస్తే దర్యాప్తు మొదలు కావలసిందే. ఈ తేడా తెలియని వ్యక్తికి, బయటి నుంచి చూసినప్పుడు, ఒకరికి రెండో అవకాశం ఇచ్చి మరొకరికి ఇవ్వనట్టే కనిపిస్తుంది. పక్షపాతం అన్న అనుమానం అక్కడ పుట్టిందే తప్ప ఆయన స్వభావంలోంచి కాదని నా అభిప్రాయం.

ఇంకొకటి. ఓఓఎస్ దర్యాప్తులో మొదటి అనుమానం ల్యాబ్ మీదికే వెళుతుంది. లెక్క, డైల్యూషన్ (ద్రావణాన్ని పలుచన చేయడం), స్టాండర్డ్ (పోల్చి చూసే ప్రామాణిక నమూనా), పరికరం, అన్నిటికీ ముందు అనలిస్టే జవాబు చెప్పుకోవాలి. అక్కడ తప్పు దొరకనప్పుడే చూపు తయారీ వైపు మళ్లుతుంది. ఆమె ఫలితాన్ని నమోదు చేసినప్పుడు ముందుగా తననే బోనులో నిలబెట్టుకున్నారన్న సంగతి ఆయనకు ఎవరైనా చెప్పారా?

జవాబు: షిఫ్టు మనిషి

పై జవాబు సరైనదే కానీ అంతా ల్యాబ్ కిటికీలోంచి చూసినట్టుంది. నేను ప్రొడక్షన్‌లో పనిచేసినవాణ్ని. బ్యాచ్ ఆగితే ఉదయం సమావేశంలో లేచి నిలబడవలసింది షిఫ్టు ఇన్‌ఛార్జి. ఎందుకు ఆగిందో ఆయనకే అప్పటికి తెలిసి ఉండదు. శాంపిల్ అర్ధరాత్రి ఇస్తే అది ఎప్పుడు పరీక్షకు వెళ్లిందో, ఎక్కడ ఉందో అడగడానికి కూడా ఎవరూ దొరకరు. ఫలితం గురించి అందరికీ పోయిన మెయిల్‌లోనే ఆయన కూడా మొదటిసారి చదువుకున్నారేమో కనుక్కోండి. ఫలితం మారకపోయినా, ఒక ఫోన్ ముందుగా వచ్చి ఉంటే ఆయన పదిమందిలో నోరు జారేవారు కాదు.

పని మీద వచ్చే భేదాభిప్రాయం వేరు, మనుషుల మీద వచ్చే ద్వేషం వేరు అని 1995లో కేరెన్ జేన్ అనే పరిశోధకురాలు వివరంగా రాశారు. మొదటిది మేలు చేస్తుందని శిక్షణ తరగతుల్లో తరచూ చెబుతుంటారు. కానీ 2003లో డి డ్రూ, వైన్‌గార్ట్ అనేక అధ్యయనాలను కలిపి చూస్తే రెండూ బృందం పనితీరును దెబ్బతీసే వైపే కనిపించాయి. మీ దగ్గర మొదటిది రెండోదిగా మారిపోయింది కనుక, ఇప్పుడు సమావేశం పెడితే ఎజెండా అస్సే అయినా మాట్లాడేది పరువు గురించే.

జవాబు: హెచ్‌ఆర్ అనుభవం

ముందు ఇద్దరితోనూ విడివిడిగా మాట్లాడండి. "ఎవరిది తప్పు?" అని కాకుండా, "ఆ రోజు ఏ గంటకు ఏం జరిగింది?" అని అడగండి. రెండు కథనాలూ ఎక్కడ విడిపోతున్నాయో అక్కడే మీ పని ఉంటుంది.

ఆమెతో మాట్లాడేటప్పుడు ఒక విషయం జాగ్రత్తగా వినండి. ఆయన మాటల్లో ఆమె స్త్రీ కావడాన్ని ఎత్తిపొడిచే అసభ్యమైన ధోరణి ఏదైనా ఉందని ఆమె చెబితే, అది మీరు సర్దుబాటు చేయవలసిన తగవు కాదు. పనిచేసే చోట మహిళలపై లైంగిక వేధింపులను నిరోధించే 2013 చట్టం ప్రకారం పదిమంది లేదా అంతకు మించి పనిచేసే చోట అంతర్గత కమిటీ ఉండాలి. ఫిర్యాదుకు సాధారణంగా మూడు నెలల గడువు ఉంటుంది. ఆ చట్టం కింద సయోధ్య యత్నం కూడా ఆమె కోరితేనే జరగాలి, డబ్బుతో పరిష్కారం చేయకూడదు. అలాంటిదేమీ లేకపోతే సరే, ఊహించి అంటగట్టకండి.

కొత్త ఇన్‌ఛార్జి

అందరికీ ధన్యవాదాలు. విడివిడిగా మాట్లాడాను. ఆమె చెప్పినదాంట్లో అసభ్యమైనదేదీ లేదు. పదిమందిలో తన నిజాయితీని శంకించడమే బాధించిందన్నారు. షిఫ్టు మనిషి గారు ఊహించినట్టే, ఆయనకు ఫలితం మెయిల్‌లోనే తెలిసింది. డిసల్యూషన్ దశల గురించి చెబితే కాసేపు మౌనంగా ఉండి, "ఈ ముక్క అప్పుడే చెప్పి ఉండొచ్చు కదా" అన్నారు. క్షమాపణ చెప్పించమని ప్లాంట్ హెడ్ గారు ఇప్పుడు పట్టుబడుతున్నారు.

జవాబు: షిఫ్టు మనిషి

పట్టుబట్టి చెప్పించిన క్షమాపణ ఆయనకు అవమానంగానూ ఆమెకు బూటకంగానూ ఉంటుంది. దానికి బదులు అన్నది పదిమందిలో కాబట్టి, ఆ బ్యాచ్ విషయంలో ల్యాబ్ పద్ధతి ప్రకారమే నడుచుకుందని మీరూ ప్రొడక్షన్ మేనేజర్ గారూ కలిసి ఉదయం సమావేశంలోనే చెప్పండి. పరిమితి దాటిన ఫలితం వస్తే క్యూఏకు తెలియజేసిన వెంటనే షిఫ్టు ఇన్‌ఛార్జికి ఫోన్ చేయడం ఎస్‌ఓపీలో (పని పద్ధతిని రాసిపెట్టిన పత్రంలో) చేర్చండి. అయితే అది సమాచారం ఇవ్వడానికే గానీ అనుమతి అడగడానికి కాదని అందులోనే రాయించండి. శాంపిల్ అందుకున్న సమయానికి రెండు వైపులా సంతకాలు ఉండేలా చూడండి, హెల్పర్ రాయబారం దానంతట అదే తగ్గుతుంది. ఇద్దరినీ ఒకే గదిలో కూర్చోబెట్టడం ఆ తర్వాతి సంగతి, అప్పటికి అవసరం ఉంటే.