వృద్ధుల ప్రాణాపాయం తగ్గించడానికి విలువ కట్టేటప్పుడు వయసును ఎలా లెక్కలోకి తీసుకోవాలి?

ఆర్థికశాస్త్రం తెలిసినవాళ్లు ఎవరైనా కాస్త వివరిస్తారా?

చావు ముప్పు పదివేలలో ఒక వంతు తగ్గడానికి ఒక్కొక్కరు సగటున 500 డాలర్లు ఇవ్వడానికి సిద్ధపడితే, పదివేల మందికి కలిపి 50 లక్షల డాలర్లు; అంతమందిలో సగటున ఒక చావు తప్పుతుంది. ఈ మొత్తాన్నే ఒక ‘గణాంక ప్రాణం’ విలువ అంటారు. అది ఫలానా మనిషి ప్రాణానికి ధర కాదు, అంతవరకు నాకు స్పష్టమే.

చిక్కంతా వయసు దగ్గరే. మిగిలిన ఏళ్లను బట్టి విలువ కడితే 75 ఏళ్లవాళ్లకు బాగా తగ్గిపోతుంది. కానీ మిగిలింది కొద్దికాలమే అయినప్పుడు దాన్ని ఇంకా గట్టిగా పట్టుకోవాలనిపించదా? అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ వాయుకాలుష్యం మీద వేసిన ఒక ప్రత్యామ్నాయ అంచనాలో 70 దాటినవాళ్ల విలువను 37 శాతం తగ్గించింది. 2003లో దాని మీద పెద్ద గొడవై, ఆ పద్ధతిని పక్కన పెట్టారు. ఆ కోపం న్యాయమైనదే అని నా అభిప్రాయం.

ఇంతకీ నేను అడగదలచుకున్నది ఇది. ఈ విలువల్లో చాలావాటిని ప్రమాదకరమైన ఉద్యోగాలకు ఇచ్చే ఎక్కువ జీతాల నుంచి రాబడతారు. రిటైరైనవాళ్లకు ఆ లెక్క ఎలా వర్తిస్తుంది? సర్వేల్లో నేరుగా అడిగితే, వాళ్లు చెప్పే మొత్తంలో వయసు ప్రభావాన్నీ, ఆరోగ్యం, ఆస్తి ప్రభావాన్నీ ఎలా విడదీస్తారు?