సమస్యాపూరణం: "గద్ద లేని చోట గద్ద పలికె"

నిర్వాహకుడు:
ఈ వారం సమస్య ఆటవెలది నాలుగో పాదం.

గద్ద లేని చోట గద్ద పలికె

గద్ద/లేని/చోట/గద్ద/పలికె: ఐదూ సూర్యగణాలే, యతి గ–గ. రెండో పాదానికీ ఇదే నడక. 1, 3 పాదాల్లో మూడు సూర్యగణాల మీద రెండు ఇంద్రగణాలు. ప్రాస అక్కర్లేదు. ఇచ్చిన పాదంలో అక్షరం మార్చకండి.

వస్తువు: పక్షుల గొంతు అనుకరణ. పద్యంలో పిట్ట నిజంగా చేసే పనే ఉండాలి. ఏ పిట్ట, ఎక్కడ, ఎందుకు అన్నది కింద వచనంలో రాయండి. పంజరంలో చిలక గద్దలా అరిచిందనే పూరణలు వద్దు. మన చిలకనీ, కొండగోరింకనీ పంజరంలో పెట్టడం 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం నేరం. పైగా అంత బాగా మాటలు పలికే కొండగోరింక అడవిలో వేరే జాతుల కూతలు పలకదు, చుట్టుపక్కల ఉన్న తన జాతి పిట్టల కూతలే నేర్చుకుంటుంది.

తుంగభద్ర:

ఇసుక తవ్వి పురుగు నెత్తుముంగిస జూచి
కొమ్మ మీద నుండి కూత వేసి
పరుగు దీయ తిండి పట్టె నేట్రింతయు
గద్ద లేని చోట గద్ద పలికె

దక్షిణాఫ్రికా కలహారి ఎడారిలోని చీలతోక ఏట్రింత. ముంగిస అంటే మీర్‌క్యాట్, ముంగిస కుటుంబానిదే.

నిర్వాహకుడు:
గణాలు సరిపోయాయి. "పురుగు నెత్తు"లో ఇ–ఎ స్వరయతి, బాగుంది. మూడో పాదం చివరి "యు" మాత్రం పాదం నింపడానికే వచ్చింది. "పట్టె నేట్రింతయే" అంటే చివరిది ర-గణమై గణమూ నిలుస్తుంది, కొమ్మ మీద కాపలా కాసినదే కాజేసిందన్న ఎత్తిపొడుపూ వస్తుంది.

గుండ్లకమ్మ:
విషయంలో ఒక మెలిక ఉందండీ. ఏట్రింత గద్ద గొంతు పెట్టదు. గద్దని చూసినప్పుడు మీర్‌క్యాట్లు, బాబ్లర్లు, ఇతర పిట్టలు వేసే హెచ్చరిక కేకని పెడుతుంది. అంటే దొంగిలించిన గొంతు వేటగాడిది కాదు, భయపడేవాడిది. కాబట్టి "గద్ద పలికె" అని గద్దని కర్తగా తీసుకుంటే తప్పు. 'గద్ద' అని పలికె, అంటే "అదిగో గద్ద!" అని ఏట్రింత అరిచింది అని విరవాలి. అప్పుడు సమస్యలోని అసంగతం కూడా విడిపోతుంది.

ఈ దొంగతనం మీద 2014లో సైన్స్ పత్రికలో పరిశోధన వచ్చింది. దాని రోజువారీ తిండిలో దాదాపు 23 శాతం ఇలా కాజేసినదే. ఏట్రింత గాల్లో పురుగుల్ని పట్టగలదు కానీ నేల తవ్వలేదు. తవ్వి తీసిన లావుపాటి పురుగు కావాలంటే ఇదే దారి. అయితే ఒకే కూత మళ్ళీ మళ్ళీ వేస్తే మీర్‌క్యాట్లు లెక్కచేయడం మానేస్తాయి. అప్పుడది వేరే జాతి కేకకి మారుతుంది, అవి మళ్ళీ కలుగుల్లోకి దూకుతాయి. పరిశోధకులు మొత్తం 51 రకాల హెచ్చరిక కూతలు గుర్తించారు. నిజంగా గద్ద వచ్చినప్పుడు కూడా ఏట్రింత అరుస్తుంది కాబట్టే ఈ అబద్ధం చెల్లుతోంది. రెండో పాదంలో "కూత మార్చి" అంటే ఈ కిటుకంతా పద్యంలోకి వచ్చేస్తుంది. యతికీ గణానికీ ఇబ్బంది లేదు.

మంజీర:

గూటి కూన పైకి గురిపెట్టి దొంగ రా
పొరుగు పిట్ట కేక పొల్లు పోక
చిన్ని పిట్ట యరచె, చెదరి పారెను దొంగ
గద్ద లేని చోట గద్ద పలికె

ఆస్ట్రేలియా బ్రౌన్ థార్న్‌బిల్. దొంగ అంటే గూళ్ళు దోచే కరవాంగ్ పిట్ట, బరువులో దీనికి నలభై రెట్లు ఉంటుంది. ఇతర పిట్టలు డేగని చూసి వేసే కేకని థార్న్‌బిల్ పెడితే, డేగకి తానూ ఆహారమే కాబట్టి కరవాంగ్ గూడు వదిలి తడబడుతుంది.

నిర్వాహకుడు:
"అరచె", "పారెను" అని రెండు క్రియలు ముగిశాక నాలుగో పాదం ఒంటరిగా మిగిలింది. మూడో పాదం ఇలా తిప్పి చూడండి: "చెదరి పాఱ దొంగ చిన్ని పిట్టయె చూడు". ఇప్పుడు "పలికె"కి కర్త దొరికింది, దొంగ రెండుసార్లు వచ్చినా చెవికి ఎబ్బెట్టుగా లేదు.

తుంగభద్ర:

ఆడపిట్ట వీడి యరుగబోవగ లైరు
మంద కేక లన్ని పలికె తాను
ముప్పు దాపురించె మున్ముందు పోకంచు
గద్ద లేని చోట గద్ద పలికె

ఇదీ ఆస్ట్రేలియాదే, లైరు పిట్ట. జతకట్టకుండా ఆడది వెళ్ళిపోబోతే మగది పిట్టల మంద గోల మొత్తం ఒక్క గొంతుతో వినిపిస్తుంది. 2021లో బయటపడిన సంగతి.

నిర్వాహకుడు:
రెండో పాదంలో యతిభంగం. మ-కి ప-తో చెల్లదు. ప ముందు సున్న ఉంటే బిందుయతి అనుకునేవాళ్ళం, ఇక్కడ లేదు. "మంద కేక లెల్ల మరల పలికి" అంటే సరి.

గుండ్లకమ్మ:
యతి సర్దుకున్నా గద్ద సర్దుకోదండీ. పిట్టల హెచ్చరికలు రెండు రకాలు. డేగ ఎగురుతూ వస్తుంటే సన్నగా, పొట్టిగా ఒక కేక వేసి దాక్కుంటాయి. ఆ కేక ఎటునుంచి వచ్చిందో పట్టుకోవడం కష్టం. పామో గుడ్లగూబో కదలకుండా కూర్చుంటే మాత్రం అన్నీ చేరి గోల పెట్టి తరుముతాయి. లైరు పెట్టేది ఈ రెండో గోల. ఎగిరే గద్ద కబురు అందులో లేదు. సమస్యలో పాము ఉంటే అతికినట్టు సరిపోయేది.

నాగావళి:

పరుల గూట గుడ్డు పదిలముగా పెట్టి
కోయిలమ్మ నవ్వె గొల్లుమనుచు
బెదరి కనులు నింగి వెదకిన పిట్టకు
గద్ద లేని చోట గద్ద పలికె

ఐరోపా కక్కూ. "కక్కూ" అనేది మగది. ఆడది రెల్లుపిట్ట గూట్లో ఒక గుడ్డు తీసేసి, పది సెకన్లలోపే తన గుడ్డు పెట్టి, వెళ్తూ గలగలా నవ్వినట్టు కూస్తుంది. ఆ కూత స్పారోహాక్ అనే చిన్న డేగ కూతని పోలి ఉంటుంది. కేంబ్రిడ్జ్ పరిశోధకులు 2017లో చూపించినది ఇదే: ఆ నవ్వు వినగానే రెల్లుపిట్టలు డేగ కోసం చుట్టూ చూస్తాయి, గూట్లో పరాయి గుడ్డుని గమనించి పారేయడం తగ్గుతుంది.

నిర్వాహకుడు:
కో–గొ వర్గయతి, బె–వె యతి రెండూ చక్కగా కుదిరాయి. విరుపు లేకుండానే గద్ద కర్త అయింది, ఎందుకంటే ఇక్కడ దొంగిలించినది నిజంగానే వేటపక్షి గొంతు. ఈ వారానికి నా ఓటు దీనికే.

మంజీర:
గద్ద, డేగ ఒకటి కాదు కదండీ?

నిర్వాహకుడు:
కాదు. పాదం ఇచ్చిన పాపం నాది, పూరించినవాళ్ళకి అంటదు.

గుండ్లకమ్మ:
ఒక్క అభ్యంతరం. "కోయిలమ్మ" అనగానే తెలుగు పాఠకుడికి కాకి గూట్లో గుడ్డు పెట్టే మన నల్ల కోయిలే గుర్తొస్తుంది. అది ఇలా డేగ నవ్వు నవ్వదు. దాని మోసం గుడ్డు మచ్చల్లోనూ, పొదిగే లెక్కలోనూ ఉంది. కోయిల పిల్ల 12–14 రోజుల్లో బయటికొస్తుంది, కాకిపిల్లకి 16 దాటాలి. ముందు పుట్టినదే ముందు తింటుంది. పద్యం ముందు "ఐరోపా కక్కూ" అని శీర్షిక పెడితే చిక్కు ఉండదు.

నాగావళి:
పెట్టేశానండీ. కోయిల లెక్క తేటగీతిలో వస్తుందేమో చూస్తాను.