ఇంట్లో కారు పనికి కార్డ్‌లెస్ ఇంపాక్ట్ రెంచ్: 400 చాలా, 1000 కావాలా, అసలు అవసరమేనా?

కాకినాడ కార్నర్:
అందరికీ నమస్కారం. ఇంట్లో పాత స్విఫ్ట్ డీజిల్, నాన్నగారి ఇన్నోవా ఉన్నాయి. టైర్లు మార్చడం, బ్రేక్ ప్యాడ్లు, షాక్ అబ్జార్బర్లు నేనే చేసుకుంటాను. ఇప్పుడు స్విఫ్ట్ లోయర్ ఆర్మ్ (ముందు చక్రాన్ని కింద నుంచి బండికి కలిపే చెయ్యి) పని పెట్టుకున్నాను. మా ఇల్లు సముద్రానికి దగ్గర, బండి కింద ఏ బోల్టు చూసినా తుప్పే.

అర అంగుళం కార్డ్‌లెస్ ఇంపాక్ట్ రెంచ్ (నట్టుని వరస దెబ్బలతో తిప్పే బ్యాటరీ గన్ను) కొందామని చూస్తున్నాను. మకిటా డీటీడబ్ల్యూ300 తిప్పే బలం (టార్క్) బిగించేటప్పుడు 330 న్యూటన్ మీటర్లు (ఇకపై ఎన్‌ఎం), విప్పేటప్పుడు 580 అంటున్నారు. బాష్ జీడీఎస్ 18వీ-400 అయితే 400, 600. పెద్దది కావాలంటే మకిటా డీటీడబ్ల్యూ1002: 1000, 1600. బ్యాటరీలు, ఛార్జర్ కలిపితే ఏదైనా 20 వేలు దాటిపోతోంది. ఆన్‌లైన్‌లో 5 వేలకే "128 వీఎఫ్" అని రాసిన గన్నులు కూడా ఉన్నాయి. మా మామయ్యేమో ఇవన్నీ దండగ, పానాకి గొట్టం తొడిగితే చాలు అంటున్నాడు. మీరేమంటారు?

గొట్టం గోపాలం:
మీ మామయ్య మాట వినండి. లెక్క చెప్తాను. 60 సెంటీమీటర్ల బ్రేకర్ బార్ (బిగుసుకున్న నట్లు విప్పే పొడుగు పిడి) చివర 70 కిలోల మనిషి బరువంతా వేస్తే 400 ఎన్‌ఎం పైనే వస్తుంది. అదే బార్‌కి ఇంకో 40 సెంటీమీటర్లు గొట్టం తొడిగితే 680 దాటుతుంది. అంటే మీరు 20 వేలు పోసి కొనేది నా బరువుతో ఊరికే వస్తోంది. దీనికి ఛార్జింగ్ అక్కర్లేదు, కరెంటు పోయినా పనిచేస్తుంది. మీ స్విఫ్ట్ వీల్ నట్టుకి కావలసింది 85 ఎన్‌ఎం. దానికి 1600 ఎన్‌ఎం మెషీనా? పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం.

ఆటోనగర్ మేస్త్రి:
గోపాలం బాబాయ్ లెక్క కరెక్టే, కాకపోతే ఆ 70 కిలోలు వేసేటప్పుడు బండి ఎక్కడుందన్నదే ప్రశ్న. వీల్ నట్టుకి బండి నేల మీదే ఉంటుంది, సరే. లోయర్ ఆర్మ్ బోల్టు విప్పాలంటే బండి స్టాండ్ల మీద ఉంటుంది. దాని కింద పడుకుని మీటరు గొట్టం పట్టుకుని గుంజితే బండి ఊగుతుంది. ఊగి స్టాండ్ జారితే కింద ఉండేది మనమే.

ఇంకో సంగతి. బార్ పెట్టి తిప్పితే నట్టుతో పాటు అవతలి వస్తువు కూడా తిరుగుతుంది. షాక్ అబ్జార్బర్ పైన నట్టు చూడండి, పానా వేస్తే రాడ్డు కూడా గిర్రున తిరుగుతుంది. క్రాంక్ పుల్లీ (ఇంజన్‌తో పాటు తిరిగే బెల్టు చక్రం) బోల్ట్‌కి ఇంజనే తిరిగిపోతుంది. అది తిరక్కుండా పట్టుకోవడానికి వేరే టూల్ కావాలి. గన్నుకి ఆ బాధ చాలావరకు ఉండదు. లోపల సుత్తి లాంటి ముక్క ఒకటి స్ప్రింగ్ మీద వెనక్కి వెళ్లి, మళ్లీ వచ్చి కొడుతుంది. నిమిషానికి వేలల్లో దెబ్బలు. దెబ్బ తగిలినప్పుడు నట్టు కదులుతుంది కానీ, అవతలి బరువైన ముక్క కదిలేంత టైమ్ ఉండదు. తుప్పు పట్టిన మర వదిలేది కూడా ఆ అదురుకే. బార్ ఒకేసారి మెలిపెట్టి లాగుతుంది కాబట్టి పాత స్టడ్డు (నట్టు ఎక్కే మర కడ్డీ) మెడ దగ్గర తెగే ఛాన్స్ ఎక్కువ.

గొట్టం గోపాలం:
తమ్ముడూ, స్టాండ్ సంగతి ఒప్పుకున్నా. కానీ గన్నుతో స్టడ్లు తెగవా? టైర్ల షాపుల్లో కుర్రాళ్లు ఎయిర్ గన్ పెట్టి "డుర్‌ర్‌ర్" అనిపించి పంపేస్తారు. తర్వాత రాత్రిపూట హైవే మీద పంక్చరైతే బండితో వచ్చిన పానాకి ఆ నట్టు లొంగదు.

ఆటోనగర్ మేస్త్రి:
అది గన్ను తప్పు కాదు బాబాయ్, పట్టుకున్నవాడి తప్పు. విప్పడానికి గన్ను, బిగించడానికి టార్క్ రెంచ్ (ఎంత బలంతో బిగిస్తున్నామో చూపించే పానా). నట్టు చేత్తో మొదలుపెట్టి, తక్కువ స్పీడులో దగ్గరికి చేర్చి, ఆఖరి బిగింపు టార్క్ రెంచ్‌తో, ఎదురెదురు నట్లు మార్చుకుంటూ. ఎక్కువ బిగిస్తే స్టడ్డు సాగుతుంది, డిస్కు మీద ఒత్తిడి సమానంగా పడక బ్రేక్ వేసినప్పుడు స్టీరింగ్ అదురుతుంది.

డెట్రాయిట్ చిన్నోడు:
నేను అమెరికాలో ఉంటాను, వీకెండ్ మెకానిక్‌ని. మొహమాటం లేకుండా చెప్తున్నా, చిన్నది కొనకండి. ఇక్కడ చలికాలం రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. పదేళ్ల బండి కింద దూరితే బోల్టు తల ఏదో, తుప్పు ఏదో తెలియదు. నా మిడ్ టార్క్ (మధ్యరకం బలం ఉన్న) గన్ను చాలాసార్లు డగడగలాడి చేతులెత్తేసింది, 1000 పైన ఉన్నది పెట్టగానే వదిలాయి. కాకినాడ ఉప్పుగాలి కూడా అలాంటిదే కదా. రెండుసార్లు కొనే బదులు ఒకేసారి పెద్దది కొనండి. ఇక్కడ ఆఫర్లు బాగుంటాయి, ఎవరైనా ఇండియా వచ్చేటప్పుడు తెప్పించుకోవచ్చు.

లెక్కల లింగం:
చిన్నోడు బ్రో, గాలిలో ఉప్పు వేరు, ఉప్పు నీళ్లలో నెలల తరబడి నడిచిన బండి వేరు. కాకినాడ తుప్పు ఎక్కువగా పైపైన పట్టేది, మీ దగ్గరిది మరలోకి దిగేది. ఇక్కడ మిడ్ టార్క్‌కి లొంగని బోల్టులు ఉండవని కాదు, తక్కువ.

డబ్బా మీద అంకెల గురించి కూడా చెప్పాలి. 600 అని రాస్తే అది నిండు ఛార్జ్ పెద్ద బ్యాటరీతో, పొట్టి సాకెట్‌తో, గన్ను నేరుగా నట్టు మీద ఉన్నప్పుడు వచ్చేది. మధ్యలో పొడుగు ఎక్స్‌టెన్షన్, దాని చివర వంగే జాయింట్ పెట్టారంటే దెబ్బలో పెద్ద వాటా వాటిని మెలిపెట్టడానికే పోతుంది. లోయర్ ఆర్మ్ దగ్గర సరిగ్గా అదే సమస్య. డీటీడబ్ల్యూ300 పొడవు 144 మిల్లీమీటర్లు, డీటీడబ్ల్యూ1002ది 229. పెద్దది దూరని చోట ఎక్స్‌టెన్షన్ పెట్టాల్సి వస్తే, అక్కడ చిన్నది నేరుగా కూర్చుంటుంది. కాగితం మీద 1600 ఉన్నా నట్టు దాకా చేరేది ఎంతన్నదే ముఖ్యం.

బరువు కూడా చూడండి. పెద్దది బ్యాటరీతో మూడున్నర కిలోల పైమాటే. పడుకుని, ఒంటి చేత్తో, మొహం మీదుగా పట్టుకోవాలి.

కాకినాడ కార్నర్:
లింగం గారూ, ఆ 128 వీఎఫ్ సంగతేమిటి? 5 వేలకి రెండు బ్యాటరీలు, సాకెట్లు, డబ్బా అన్నీ ఇస్తున్నారు.

లెక్కల లింగం:
ఆ అంకెకీ వోల్టులకీ సంబంధం లేదు. ఆ గన్నుల బ్యాటరీ విప్పి చూడండి, సాధారణంగా వరసలో 5 లిథియం సెల్స్ ఉంటాయి. ఒక్కోటి మామూలుగా 3.6 వోల్టులు, నిండుగా ఛార్జ్ అయితే 4.2. ఐదు కలిపితే 18 నుంచి 21. బాష్, మకిటా 18 అని రాస్తాయి, డీవాల్ట్ అమెరికాలో అదే బ్యాటరీని 20 మ్యాక్స్ అంటుంది, ఈ ఆన్‌లైన్ వాళ్లు 21 అని, 48 అని, 128 అని నోటికొచ్చింది రాస్తారు. సరుకు మాత్రం ఐదు సెల్సే.

తేడా అంతా సెల్ నాణ్యతలో, ఒక్కో వరసకి జంటగా ఎన్ని సెల్స్ పెట్టారన్న దాంట్లో ఉంటుంది. గన్ను కొట్టేటప్పుడు ఒక్కసారిగా చాలా కరెంటు లాగుతుంది. ఐదే సెల్స్ ఉన్న 2 ఆంపియర్ అవర్ల ప్యాక్‌లో అప్పుడు వోల్టేజి పడిపోతుంది, దెబ్బ మెత్తబడుతుంది. అదే 5 ఆంపియర్ అవర్ల ప్యాక్‌లో మామూలుగా రెండేసి చొప్పున పది సెల్స్ ఉంటాయి, భారం పంచుకుంటాయి. అందుకే మంచి గన్నుకి చిన్న బ్యాటరీ పెట్టి "దీనికి బలం లేదు" అంటే ఒప్పుకోను.

హన్మకొండ హాచ్‌బ్యాక్:
నా దగ్గర అలాంటి చవక గన్నే ఉంది అన్నా. ఏ కంపెనీయో చెప్పను, రోజుకో పేరుతో వస్తాయి. ఐ20 వీల్ నట్లకి బ్రహ్మాండంగా పనిచేసింది. స్టెప్నీ మార్చడానికి, టైర్ల రొటేషన్‌కి అంతకన్నా అవసరం లేదు. బ్రేక్ కాలిపర్ బ్రాకెట్ బోల్టులు కూడా విప్పింది. డ్రైవ్ షాఫ్ట్ (ఇంజన్ బలాన్ని చక్రానికి చేర్చే ఇరుసు) నట్టు దగ్గర మాత్రం అరుపే తప్ప కదలిక లేదు. రెండో వేసవికి ఒక బ్యాటరీ ఉబ్బింది. ఐదు వేలకి అంతే వస్తుందనుకుని కొంటే బాధ ఉండదు.

ఆటోనగర్ మేస్త్రి:
బ్యాటరీ ఉబ్బితే ఇంక ఛార్జింగ్ పెట్టకు తమ్ముడూ. మంచి బ్యాటరీలైనా సరే, మే నెలలో డిక్కీలో వదిలేయొద్దు. రెంటచింతల ఎండకి మూసిన డిక్కీ ఎంత కాగుతుందో చెప్పక్కర్లేదు. పని అవగానే వేడి మీద ఛార్జింగ్ పెట్టడం కూడా మంచిది కాదు. కంపెనీ ఛార్జర్ అయితే చల్లబడేదాకా మొదలుపెట్టదు, చవకవి పట్టించుకోవు.

డ్రైవ్ షాఫ్ట్ నట్టు గురించి: చాలా బండ్లలో దాని అంచుని షాఫ్ట్ గాడిలోకి గంటు కొట్టి ఉంటారు. ముందు ఆ గంటు ఉలితో పైకి లేపాలి. లేపకుండా ఎంత పెద్ద గన్ను పెట్టినా షాఫ్ట్ మర పాడవుతుంది. తిరిగి వేసేటప్పుడు కొత్త నట్టే వేయాలి. అది స్విఫ్ట్‌లో కూడా ఉంటుంది కాబట్టి కాకినాడ గారికి చెప్తున్నా.

డెట్రాయిట్ చిన్నోడు:
సరే, సైజు విషయంలో లింగం గారితో వాదించను. కానీ ఇన్నోవా మర్చిపోయారు మీరంతా. ఛాసిస్ బండి, బోల్టులు లావు. ఐదేళ్ల తర్వాత దాని కింద పని పడితే మళ్లీ ఇదే ప్రశ్న అడుగుతారు. నేను డిసెంబర్లో హైదరాబాద్ వస్తున్నా, కావాలంటే పెద్దది తెస్తాను.

లెక్కల లింగం:
మంచి మనసే కానీ తెప్పించుకునే ముందు రెండు చూసుకోవాలి. అమెరికా ఛార్జర్లు ఎక్కువగా 120 వోల్టులకే పనిచేస్తాయి. ఇక్కడి 230లో పెడితే అక్కడికక్కడే ఫట్. ఛార్జర్ ఇక్కడే కొనుక్కోవాలి. రెండోది విమానం. గన్ను చెక్-ఇన్ లగేజీలో, విడి బ్యాటరీలు చేతిసంచీలోనే. 100 వాట్ అవర్ల వరకు మామూలుగా అనుమతిస్తారు. 18 వోల్టుల 5 ఆంపియర్ అవర్ల ప్యాక్ అంటే 90, పర్వాలేదు. 6 అయితే 108, ఎయిర్‌లైన్‌ని ముందే అడగాలి. పైగా వారంటీ ఇక్కడ చెల్లకపోవచ్చు. ట్రిగ్గర్ స్విచ్ పోతే ఇక్కడి సర్వీస్ సెంటర్‌లో మోడల్ నంబరు చూసి ముఖం తిప్పుకుంటారు.

గొట్టం గోపాలం:
చూశారా, నా గొట్టానికి వీసా అక్కర్లేదు.

కాకినాడ కార్నర్:
😀 బాబాయ్, బార్ కూడా కొంటాను, ఒట్టు.

చిన్నోడు గారూ, మీ ఆఫర్‌కి థాంక్స్. ఇన్నోవా మాట నిజమే కానీ దాని సస్పెన్షన్ పని గ్యారేజీకే ఇస్తాం, నాన్నగారు నన్ను ముట్టనివ్వరు. నాకు వీల్ ఆర్చ్‌లో, బండి కింద నేరుగా దూరేదే కావాలి. 400 తరగతిలో, ఇక్కడి డీలర్ దగ్గరే, 5 ఆంపియర్ అవర్ల బ్యాటరీతో తీసుకుంటాను. బాషా మకిటానా అన్నది కాకినాడలో సర్వీస్ ఎవరిది దగ్గరగా ఉంటే అది. సాకెట్లు మాత్రం ఇంట్లో ఉన్న క్రోమ్ సెట్ వాడొచ్చా?

ఆటోనగర్ మేస్త్రి:
వద్దు. మెరిసే క్రోమ్ వెనేడియం సాకెట్లు చేతి పానాకి. గన్ను దెబ్బలకి పగిలితే ముక్క కంట్లోకే వస్తుంది. నల్లగా, గోడ మందంగా ఉండే క్రోమ్ మాలిబ్డినం ఇంపాక్ట్ సాకెట్లు కొనండి. స్విఫ్ట్ వీల్ నట్టుకి 19 మిల్లీమీటర్లది, ఇన్నోవాకి 21ది, లోతు రకం. అల్లాయ్ వీల్స్ ఉంటే ప్లాస్టిక్ తొడుగు ఉన్న సన్నగోడ సాకెట్. కింద బోల్టులకి 14, 17 కూడా ఉంచుకోండి. వీల్ లాక్ నట్లు ఉంటే దాని కీకి గన్ను పెట్టొద్దు, పళ్లు పోతే లాక్ విప్పడం నరకం. స్పార్క్ ప్లగ్గులు, ఆయిల్ డ్రెయిన్ ప్లగ్ జోలికి గన్నుతో వెళ్లొద్దు. అల్యూమినియం మర ఒక్క దెబ్బకి పోతుంది.

లోయర్ ఆర్మ్ గురించి ఒక మాట. బుష్ (రబ్బరు తొడుగు) ఉన్న బోల్టులు బండి స్టాండ్ మీద ఉండగా పూర్తిగా బిగించొద్దు. చక్రాలు కిందకి వేలాడుతుంటాయి కదా, అప్పుడు బిగిస్తే బండి నేల మీదకి దిగగానే రబ్బరు మెలిపడి, త్వరగా చిరిగిపోతుంది. చక్రాల మీద బరువు పడ్డాక, ర్యాంప్ మీదో, గుంతలోనో ఉంచి ఆఖరి బిగింపు వేయాలి.

గొట్టం గోపాలం:
అంటే అసలు బోల్టు ఆఖరి బిగింపు గన్నుతో కాదు, కింద దూరి చేత్తోనే అన్నమాట?

ఆటోనగర్ మేస్త్రి:
అవును బాబాయ్, టార్క్ రెంచ్‌తో. గొట్టం తొడక్కుండా.