అప్పు చేయకుండా, పిల్లల్ని చిన్నబుచ్చకుండా క్రిస్మస్ జరుపుకోవడం ఎలా?

ప్రశ్న: ఇద్దరు పిల్లల తల్లి

అందరికీ వందనాలు. మా ఇంట్లో నేను, మావారు, పదకొండేళ్ల అమ్మాయి, ఆరేళ్ల బాబు, మా అత్తగారు, మొత్తం ఐదుగురం ఉంటాము. ఈ ఏడాది మధ్యలో నా ఉద్యోగం పోయినప్పటి నుంచి మావారి ఒక్క జీతం మీదే ఇల్లు నడుస్తోంది. అద్దె, పిల్లల ఫీజులు, అత్తగారి మందులు పోగా నెలాఖరుకు మిగిలేది చాలా కొద్ది. పోయిన క్రిస్మస్‌కు ఇద్దరి సంపాదనా ఉందన్న ధైర్యంతో బట్టలు, బహుమతులు, ఇంటి అలంకరణ అన్నీ క్రెడిట్ కార్డు మీద కొన్నాము. బాబుకు కొన్న బొమ్మ కారు చక్రం ఊడి ఫిబ్రవరిలోనే మంచం కిందికి చేరింది. ఆ బాకీ తీరేసరికి మాత్రం జూన్ వచ్చింది.

అయితే ఇప్పుడు ఈ ప్రశ్న అడగడానికి కారణం ఆ బాకీ కాదు. మా పిల్లలు ప్రతి ఏడాది నవంబరులో తమకు కావలసినవి ఒక కాగితం మీద రాసి నాకు ఇస్తారు. ఈసారి అమ్మాయి ఇచ్చిన కాగితంలో నాలుగు వరుసలు ఉన్నాయి. వాటిలో మూడింటిని తనే పెన్సిల్‌తో కొట్టివేసి, రంగు పెన్సిళ్లు అన్న ఒక్క వరుసను మాత్రం ఉంచింది. ఆ గీతలు ఎంత సన్నగా గీసిందంటే, వాటి కింద ఏమి రాసిందో స్పష్టంగా చదవవచ్చు. డబ్బు సంగతి మేము తనకు చెప్పలేదు. మా మాటలు తలుపు అవతల నుంచి విని ఉంటుంది. ఆ కాగితం చూసిన రోజు నాకు నిద్ర పట్టలేదు.

నాకు తెలియవలసినవి మూడు సంగతులు. ఉన్న కొద్ది డబ్బును దేనికి ముందు, దేనికి తరువాత ఖర్చు పెట్టాలి? ఏటా బహుమతులు ఇచ్చిపుచ్చుకునే బంధువులతో ఈసారి మా వల్ల కాదని ఎలా చెప్పాలి? అన్నింటికంటే ముఖ్యంగా, పండుగ మీద పిల్లలకు ఉన్న ఆశ పోకుండా వాళ్లతో ఈ విషయం ఎలా మాట్లాడాలి?

జవాబు: ఇంటి లెక్కలు రాసే తండ్రి

మీరు అడిగిన మూడింటిలో మొదటిదానికి మాత్రమే నేను జవాబు చెప్పగలను. చాలామంది ముందు కొనవలసినవన్నీ రాసుకుని, తరువాత వాటి మొత్తం కూడతారు; అలా కూడిన మొత్తం ఎప్పుడూ చేతిలో ఉన్నదాన్ని మించిపోతుంది. రెండేళ్లు అలా దెబ్బ తిన్న తరువాత మేము పద్ధతిని తిరగేశాము. డిసెంబరు ఇంటి ఖర్చును, జనవరి నెల అద్దెను, ఫీజును పక్కన పెట్టాక ఎంత మిగిలితే అంతే పండుగ సొమ్ము అని నిర్ణయించి, ఆ అంకెను పుస్తకంలో మొదటి వరుసలో రాసి, దాని కింద గీత గీస్తాము. జనవరిని లెక్కలోకి తీసుకోవడం చాలా ముఖ్యం. పండుగ కోసమని డిసెంబరు జీతం ఒక వారం ముందే ఇచ్చే చోట్ల, ఆ జీతం మామూలు కంటే ఒక వారం ఎక్కువ కాలం నడవవలసి ఉంటుంది, ఆ సంగతి జనవరి మూడో వారంలో గాని గుర్తుకు రాదు.

ఆ అంకెలోంచి మేము మొదట మందిరానికి ఇచ్చే కానుకను, మాకంటే ఇబ్బందిలో ఉన్న ఒక ఇంటికి చేసే సాయాన్ని తీస్తాము, తరువాత పండుగ రోజు భోజనానికి, ఆపైన పిల్లల బట్టలకు, బహుమతులకు, చివరగా అలంకరణకు తీస్తాము. మీ ఇంటి వరుస వేరుగా ఉండవచ్చు, కానీ వరుస అంటూ ఒకటి ఉండాలి. ఒక్కొక్క పద్దుకు ఒక్కొక్క కవరు పెట్టి, పైన పేరు రాసి, అందులో నగదు ఉంచండి. బట్టల కవరు చాలకపోతే అలంకరణ కవరులోంచి తీసుకోవచ్చు గాని, కార్డు మాత్రం బయటికి తీయకూడదు. కవరు పలచబడుతుంటే చేతికి తెలుస్తుంది. కార్డు గీస్తున్నప్పుడు అలా తెలియదు.

కార్డు సంగతి మీరు అనుభవించారు కాబట్టి ఒక్క మాటే చెబుతాను. బిల్లులో చూపించే కనీస మొత్తాన్ని మాత్రమే కడుతూ పోతే మిగిలిన బాకీ మీద వడ్డీ పడుతుంది. అంతేకాక చాలా కార్డుల్లో, పాత బాకీ పూర్తిగా తీరేవరకు కొత్తగా కొన్న వాటికి కూడా వడ్డీ లేని గడువు వర్తించదు. అంటే పండుగకు కొన్న బట్టల బాకీ ఉన్నంతకాలం మార్చిలో కొన్న నిత్యావసర సరుకుల మీద కూడా వడ్డీ కడుతూ ఉంటాము. పోయిన ఏడాది మీ బాకీ జూన్ దాకా సాగడానికి ఇది కూడా కారణమై ఉండవచ్చు.

వచ్చే ఏడాదికి ఒక సులువైన మార్గం ఉంది. క్రిస్మస్ తేదీ మారదు. డిసెంబరు 25న జరుపుకునేవారికైనా, పాత క్యాలెండరు ప్రకారం జనవరి 7న జరుపుకునేవారికైనా అది ఎప్పుడు వస్తుందో ముందే తెలుసు. ఈసారి అయిన ఖర్చును 11 భాగాలు చేసి, జనవరి నుంచి నవంబరు వరకు నెలకొక భాగం విడిగా వేయండి. పిల్లలకు ఎలాగూ ఏడాదిలో కొనవలసిన బట్టల్లో ఒక జత కొనడాన్ని పండుగ దాకా ఆపితే, అది పండుగ ఖర్చు కిందికే రాదు.

దీపాల మీద ఖర్చు గురించి మా ఇంట్లో ఏటా చర్చ వస్తుంది కాబట్టి ఆ లెక్క కూడా ఇస్తున్నాను. 10 వాట్ల ఎల్‌ఈడీ సీరియల్ సెట్‌ను రోజుకు 6 గంటల చొప్పున 20 రోజులు వెలిగిస్తే అయ్యేది 1.2 యూనిట్లు. పాత రకం చిన్న బల్బుల సెట్లు మొత్తం 100 వాట్లవి అంతసేపే వెలిగిస్తే 12 యూనిట్లు అవుతాయి. ఉన్న ఎల్‌ఈడీ సెట్‌ను నిశ్చింతగా వెలిగించుకోండి. పిల్లలకు అది కూడా లేకుండా చేయవద్దు.

జవాబు: సండే స్కూల్ టీచర్

మీ అమ్మాయి కాగితం గురించి చదివి చాలాసేపు అలాగే కూర్చున్నాను. నా అభిప్రాయం సూటిగా చెబుతాను: తనకు విషయం తెలిసిపోయింది కాబట్టి ఇక దాచవద్దు. దాస్తే ఆ బరువును తను ఒంటరిగా మోస్తుంది. ఒక సాయంత్రం తనను పక్కన కూర్చోబెట్టుకుని, ఈ ఏడాది మన దగ్గర ఇంత ఉంది, అద్దెకు, బడికి, నాన్నమ్మ మందులకు లోటు లేదు, పండుగ తప్పకుండా ఉంటుంది, దేనికి ఎంత పెట్టాలో మనం కలిసి నిర్ణయిద్దాం అని చెప్పండి. మందులకు, బడికి లోటు లేదన్న మాటను తప్పక చెప్పాలి, ఎందుకంటే ఆ వయసు పిల్లలు మనం చెప్పిన దానికంటే చెప్పని దాన్ని ఎక్కువగా ఊహించుకుని భయపడతారు. ఆ తరువాత లెక్కల పుస్తకం తనకే అప్పగించండి. తను కొట్టివేసిన మూడింటిలో ఒకటి మీ స్తోమతకు లోబడి ఉంటే దాన్ని కొనండి. త్యాగం చేసిన పిల్లను మెచ్చుకుని, ఆ త్యాగాన్ని పూర్తిగా స్వీకరించడం నాకు సరైనదిగా అనిపించదు.

ఆరేళ్ల బాబుకు లెక్కలు అక్కరలేదు; కథ చాలు. సండే స్కూల్లో నేను ప్రతి డిసెంబరులో పశువుల తొట్టెతో ఆపకుండా, లూకా సువార్త రెండవ అధ్యాయం 24వ వచనం దాకా చెబుతాను. బిడ్డను దేవాలయానికి తీసుకువెళ్లినప్పుడు మరియ, యోసేపు అర్పించవలసినవి రెండు గువ్వలో, రెండు పావురపు పిల్లలో అని అక్కడ ఉంది. లేవీయకాండము 12వ అధ్యాయం చూస్తే, గొర్రెపిల్లను తేలేని తల్లి ఇవ్వవలసిన అర్పణ అదేనని తెలుస్తుంది. ఆ కుటుంబం గొర్రెపిల్లను కొనలేకపోయిందని నేను చెప్పినప్పుడు తరగతిలో కొందరు పిల్లల ముఖాలు మారడం చూస్తుంటాను. అలాగే 1223లో ఇటలీలోని గ్రేచో అనే ఊళ్లో అస్సీసీ ఫ్రాన్సిస్ క్రీస్తు జనన దృశ్యాన్ని ఏర్పాటు చేసినప్పుడు ఆయన సిద్ధం చేయించినవి గడ్డి, తొట్టె, ఒక ఎద్దు, ఒక గాడిద. మనం ఇంట్లో అట్టపెట్టెతో పశువుల పాక కడితే అది ఏ విధంగానూ తక్కువ కాదు.

నక్షత్రాన్ని కొనకుండా పిల్లలతో కలిసి చేయండి. ఒకే పొడవున్న పుల్లలు పది తీసుకోండి. చేతిని ఎత్తకుండా అయిదు మూలల నక్షత్రం గీసినట్టుగా అయిదు పుల్లల్ని ఒకదాని మీద ఒకటి పరిచి, అయిదు మొనల దగ్గర దారంతో కట్టాలి. రెండో నక్షత్రం కూడా అలాగే కట్టి, రెండింటినీ మొనల దగ్గర జోడించాలి. తరువాత లోపల పుల్లలు దాటుకునే అయిదు చోట్ల బెత్తెడు పొడవున్న చిన్న పుల్లను రెండు నక్షత్రాల మధ్య నిలబెట్టి కడితే, మధ్యభాగం ఉబ్బి లోపల దీపం పెట్టడానికి చోటు ఏర్పడుతుంది. పైన పలచని రంగు కాగితం అంటించి, వెనుక ఒక రేకును మాత్రం తెరిచి ఉంచండి. లోపల ఎల్‌ఈడీ బల్బునే పెట్టాలి, కొవ్వొత్తి ఎట్టి పరిస్థితుల్లోనూ పెట్టకూడదు.

జవాబు: పెద్ద కుటుంబంలో చిన్న కోడలు

బంధువుల సంగతి నేను చెబుతాను, ఎందుకంటే మా ఇంట్లో ఈ మాట ఎత్తడానికి నాకు మూడేళ్లు పట్టింది. మేము పెద్దవాళ్లమే తొమ్మిది మందిమి. ప్రతి ఒక్కరూ మిగిలిన ఎనిమిది మందికీ ఇస్తే 72 బహుమతులు అవుతాయి. పేర్లు చీటీల మీద రాసి, ఒక్కొక్కరు ఒక్కొక్క చీటీ తీసి, ఆ పేరు వచ్చినవారికి మాత్రమే ఇస్తే తొమ్మిదితో సరిపోతుంది. ఈ లెక్క చెప్పిన రోజు మా పెద్ద ఆడపడుచు, తనకు కూడా నాలుగేళ్లుగా ఇది భారంగానే ఉందని ఒప్పుకున్నారు. అంతవరకు మా అందరిలోనూ ఆవిడే సుఖంగా ఉన్నారని నేను అనుకునేదాన్ని.

ఎంత ముందు చెబితే అంత మంచిది. క్రిస్మస్‌కు ముందు వచ్చే నాలుగు ఆదివారాల్లో మొదటిదానికల్లా చెప్పండి. ఎవరైనా మీ కోసం కొన్న తరువాత చెబితే వాళ్లు నొచ్చుకుంటారు, మీరు కూడా తిరిగి కొనక తప్పదు. మీ అత్తగారి చేత చెప్పిస్తే ఇంకా గౌరవంగా ఉంటుంది. కారణాలు పొడిగించకుండా, ఈసారి పెద్దలం చీటీలు తీసుకుని ఒక్కొక్క బహుమతితో సరిపెట్టుకుందాం, పిల్లలకు మాత్రం ఎవరి వీలును బట్టి వాళ్లు ఇద్దాం అని రెండు వాక్యాలు రాస్తే చాలు.

భోజనానికి అందర్నీ ఒకేరోజు పిలవవలసిన అవసరం కూడా లేదు. సంప్రదాయంగా క్రిస్మస్ కాలం పన్నెండు రోజులు, జనవరి 6న వచ్చే జ్ఞానుల పండుగ దాకా సాగుతుంది. ఆ రోజుల్లో ఒక్కొక్క కుటుంబాన్ని పిలిచి, తలా ఒక వంటకం తెచ్చుకుంటే ఎవరికీ భారం కాదు. మొహమాటంగా ఉంటుందని మీరు అనుకోవచ్చు. మా ఇంట్లో మొదటిసారి అడిగినప్పుడు ఎవరూ తప్పు పట్టలేదు.

జవాబు: అరవై దాటిన పాఠకుడు

పైన లెక్కలు రాసినవారి వరుసలో అలంకరణకు ముందు బహుమతులు ఉన్నాయి, బహుమతులకు ముందు బట్టలు ఉన్నాయి. నా మటుకు పిల్లవాడి చేతిలో పెట్టే ఒక్క వస్తువు అన్నింటికంటే ముందు రావాలి. అది చిన్నదైనా, అతనికోసమే ఎంచినదై ఉండాలి.

మా అమ్మ ఒక ఏడాది అక్క పాత గౌనును విప్పి నాకు చొక్కా కుట్టింది. మేము పడుకున్న తరువాతే మిషను ముందు కూర్చునేది. చప్పుడు రాకుండా దాని కింద మడత దుప్పటి వేసేది. నేను మెలకువగా ఉండి, ఆ మెత్తని చప్పుడు వింటూ, నిద్రపోయినట్టు నటించేవాణ్ని. పండుగ ఉదయం చొక్కా చేతికి ఇచ్చినప్పుడు నేను ఆశ్చర్యపోయినట్టు ముఖం పెట్టాను, నేను మెలకువగా ఉన్నానని అమ్మకు తెలుసని చాలా ఏళ్ల తరువాత గాని నాకు తెలియలేదు.

ప్రశ్న అడిగినవారి మాట

అందరికీ ధన్యవాదాలు. నిన్న సాయంత్రం మావారు, నేను అమ్మాయిని కూర్చోబెట్టుకుని మాట్లాడాము. నాన్నమ్మ మందులకు డబ్బు ఉందా అని తను అడిగిన మొదటి ప్రశ్న అదే. ఉందని కవరు చూపించాము. తరువాత తనే ఒక పాత నోటుపుస్తకంలో మిగిలిన పేజీలు తీసి, పైన అంకె వేసి, కింద గీత గీసి, మొదటి పద్దుగా కానుక అని రాసింది. కొట్టివేసిన మూడింటిలో బొమ్మలు వేసుకునే పెద్ద పుస్తకం ఒకటి ఉంది. దాన్ని కొనగలము, ఆ సంగతి తనకు చెప్పలేదు. బంధువులకు అత్తగారి పేరుతో చీటీల సంగతి రాశాము. ఇద్దరు వెంటనే సరేనన్నారు, ఒకరి నుంచి ఇంకా జవాబు రాలేదు. బాబు నక్షత్రానికి పుల్లలు కొలిచాడు, కానీ రెండుసార్లు కట్టినా మొనల దగ్గర ముడులు జారిపోతున్నాయి. ఏ దారం వాడాలో టీచర్ గారు చెప్పగలరా?

జవాబు: సండే స్కూల్ టీచర్

నైలాన్ దారమైతే నునుపుగా ఉండి జారుతుందండీ. నూలు దారాన్ని రెండు పేటలుగా వేసి, ముందు పుల్లల చుట్టూ అడ్డంగా నాలుగు చుట్లు, తరువాత వాటి మధ్య నుంచి నిలువుగా రెండు చుట్లు తిప్పి బిగించండి. ముడి మీద ఒక్కొక్క చుక్క జిగురు వేసి రాత్రంతా కదపకుండా ఉంచండి. పుల్లల చివర్లు అంగుళం దాకా బయటికి వచ్చేలా కట్టమని బాబుకు చెప్పండి. కాగితం అంటించాక వాటిని కత్తిరించుకోవచ్చు.