అప్‌డేట్: లైవ్ ఆల్బమ్ క్యాసెట్‌లో గొంతు మూసుకుపోయినట్టు వినిపించే సమస్య తీరింది

ఒక ఇండీ ఫోక్ బ్యాండ్ వాళ్ల లో-ఫై (సాదా పరికరాలతో, మెరుగులు దిద్దకుండా రికార్డ్ చేసిన) లైవ్ ఆల్బమ్ క్యాసెట్‌ని కంప్యూటర్‌లోకి ఎక్కిస్తుంటే గొంతు దుప్పటి కప్పినట్టు వస్తోందని, గిటార్ ఒకసారి ఎడమకీ ఒకసారి కుడికీ జారుతోందని అడిగాను కదా, అది తేలింది. సాయం చేసిన అందరికీ థాంక్స్.

అజిముత్ (టేప్‌కి హెడ్ ఎంత నిటారుగా ఉందనే కోణం) చూడమన్నవాళ్ల మాటే నిజమైంది. టేప్ డెక్ రిపేర్ చేసే ఆయన తెరిచి చూస్తే ప్లేబ్యాక్ హెడ్ (టేప్ మీది సౌండ్‌ని చదివే భాగం) కొద్దిగా వాలి ఉంది, టేప్‌కి సరిగ్గా లంబంగా లేదు. సౌండ్‌ని మోనోలో (ఎడమ, కుడి ఛానెళ్లు ఒకటిగా కలిపి) పెట్టి, హెడ్ పక్కనున్న చిన్న స్క్రూని కొంచెం కొంచెంగా తిప్పుతూ పోతే, ఒక చోట తీగ మీద వేలు జారే చప్పుడు కూడా స్పష్టంగా వచ్చేసింది, నిజంగా ఒళ్లు పులకరించింది. మోనోలో ఎందుకంటే, హెడ్ వాలి ఉంటే రెండు ఛానెళ్లూ కలిసినప్పుడు పై స్వరాలు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి, తేడా వెంటనే తెలుస్తుంది.

డెక్‌లో టేప్ హిస్ (సర్రుమనే చప్పుడు) తగ్గించే డాల్బీ స్విచ్ ఆపడం కూడా కొంత పనిచేసింది. డాల్బీతో రికార్డ్ చేయని టేప్‌ని డాల్బీ ఆన్‌లో పెట్టి వింటే పై స్వరాలు తగ్గిపోతాయి.

సౌండ్ కార్డ్ మార్చడం, ఎక్కువ శాంప్లింగ్ రేటుతో (96 కిలోహెర్ట్జ్‌లో) రికార్డ్ చేయడం వల్ల ఏ తేడా రాలేదు. నాయిస్ తగ్గించే సాఫ్ట్‌వేర్ అయితే వాడకండి, హిస్‌తో పాటు జనం ఊపిరి, గది ప్రతిధ్వని కూడా పోతాయి, ఈ ఆల్బమ్‌కి ప్రాణం అవే. ఇంకోటి, ఈ టేప్‌కి సరిపోయిన సెట్టింగ్ వేరే టేపులకి కుదరకపోవచ్చు, స్క్రూ తిప్పేముందు పాత స్థానం గుర్తు పెట్టుకోండి.