పాత నాణేల వేలం: ‘డూప్లికేట్’ అనగానే డబ్బు వాపసు ఇచ్చేయాలా?

పాతరూపాయి_వరంగల్:
నేను నిజాం నాణేలు సేకరిస్తాను. ఒకే రకానివి రెండు ఉంటే ఒకటి చిన్న వేలం సైట్‌లో పెడుతుంటాను. అక్కడి రూలు ఇది: నాణెం అందిన 7 రోజుల్లో కొన్నాయన ‘ఇది డూప్లికేట్’ అంటే చాలు, డబ్బు ఆయనకు వెళ్లిపోతుంది. మన పోస్టేజీ కూడా మనకు రాదు. ఈమధ్య ఒక చార్మినార్ రూపాయి అమ్మితే వారం తిరక్కుండా వెనక్కి వచ్చింది. తూకం వేస్తే 9 గ్రాముల చిల్లర. నేను పంపింది 11 గ్రాముల పైనే తూగింది, ఎడమ మినారు పక్కన చిన్న నొక్కు కూడా ఉంది. వచ్చినదానికి ఆ నొక్కు లేదు. చార్మినార్ ద్వారంలో ఉండే ‘ఐన్’, అంటే నిజాం ఉస్మాన్ అలీ ఖాన్ పేరును ఉర్దూలో రాస్తే వచ్చే మొదటి అక్షరం, మైనం కరిగినట్టు అలుక్కుపోయింది. అంచు చుట్టూ పోత పోసిన అతుకు గీత. ఫోటోలన్నీ పంపినా కొన్నాయన మాటే ఫైనల్ అన్నారు. నాణెమూ పోయింది, డబ్బూ పోయింది. రుజువు అడక్కుండా వాపసు ఇవ్వడం ఆపాలని నా వాదన. మీరేమంటారు?

భూతద్దం_బెజవాడ:
అన్నా, మీకు జరిగింది అన్యాయమే. కానీ ఆ రూలు తీసేయమంటే నేను ఒప్పుకోను. 2018లో ఈబే ఇండియా మూతపడ్డాక మాలాంటివాళ్లకు ఈ చిన్న సైట్లు, వాట్సాప్ గ్రూపులే దిక్కు. అక్కడ పాటకు ఏం వస్తున్నాయో చూడండి. 1818 అని వేసి, ఒకవైపు హనుమంతుడు, రెండోవైపు ఈస్ట్ ఇండియా కంపెనీ పేరు ఉన్న రాగి బిళ్లలు! కంపెనీ అలాంటి నాణెం ఎప్పుడూ వేయలేదు. అయినా లక్షలు పలుకుతుందని చెప్పి అంటగడతారు. సరే, కాస్త చదివినవాడు వాటి జోలికి పోడు. బ్రిటిష్ రాజు ఆరో జార్జి బొమ్మ ఉన్న 1939 రూపాయి సంగతి వేరు. అసలైనవి చాలా అరుదు కాబట్టి 1938 రూపాయి తీసుకుని చివరి 8ని చెక్కి 9 చేస్తారు. వెండి అసలుదే, 11.66 గ్రాముల తూకమూ సరిపోతుంది. మోసమంతా ఆ ఒక్క అంకెలోనే. ఫోటో చూసి దాన్ని ఎలా పట్టుకోమంటారు? ఆ 7 రోజులు లేకపోతే మేం కొనడమే మానేయాలి.

వినియోగదారు_హక్కు:
ఇది పూర్తిగా సైటు ఇష్టం కాదండీ. 2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం నకిలీ సరుకును, ప్రకటనలో చెప్పినట్టు లేని సరుకును వెనక్కి తీసుకోనని అమ్మేవాళ్లు అనకూడదు. సైటులో ఫిర్యాదుల అధికారి ఉండాలి, ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెలలోపు తేల్చాలి. అయితే ఈ గడువులు వినియోగదారుల కోసం పెట్టినవి. ఇంకో సంగతి, సొంత వస్తువును ఎప్పుడో ఒకసారి అమ్ముకునే వ్యక్తికి ఈ నిబంధనలు వర్తించవు. వ్యాపారంగా, పద్ధతిగా అమ్మేవాళ్లకే.

నాణేల_అంగడి:
పాతరూపాయి గారూ, నేను అమ్మకమే వృత్తిగా ఉన్నవాణ్ని. వాపసుల కంటే నన్ను ఎక్కువ బాధపెట్టేది ధర. నేను అసలైన చార్మినార్ రూపాయి పెడతాను. పక్కనే ఒకాయన పోత పోసిన నకిలీ బిళ్లను 400కు పెడతాడు, అదీ నా ఫోటోనే కాపీ కొట్టి. ‘ఆయన 400కే ఇస్తున్నాడు, మీరెందుకు ఇంత చెబుతున్నారు?’ అని నాకే మెసేజ్‌లు. రిపోర్ట్ చేస్తే ఆ లిస్టింగ్ పోతుంది, రెండు రోజుల్లో ఇంకో పేరుతో మళ్లీ వస్తుంది. పాట గెలిచి డబ్బు కట్టకుండా మాయమయ్యేవాళ్లు వేరే. కమిషన్ మాత్రం సైటు ఠంచనుగా పట్టుకుంటుంది. కమిషన్ తీసుకున్నాక ‘మేం మధ్యవర్తులం మాత్రమే’ అంటే ఎలా?

పాతరూపాయి_వరంగల్:
భూతద్దం తమ్ముడూ, 1939 ఉదాహరణతో ఏకీభవిస్తాను. గడువు ఉంచండి, నాకు అభ్యంతరం లేదు. నేను అడిగేది ఒక్కటే: తిరిగొచ్చింది నేను పంపిన నాణెమేనా అని చూడకుండా డబ్బు వదలొద్దు. పాట పెట్టేటప్పుడే రెండు ముఖాలు, అంచు, త్రాసు మీద తూకం ఫోటోలు తప్పనిసరి చేయాలి. ప్యాకింగ్ వీడియో నేను తీస్తాను, విప్పేటప్పుడు ఆయన తీయాలి. తేడా వస్తే, ఇద్దరూ ఒప్పుకున్న నాణేల నిపుణుడికి చూపించేదాకా డబ్బు సైటు దగ్గరే ఉండాలి. ఫీజు ఓడినవాడు కట్టాలి.

భూతద్దం_బెజవాడ:
వీడియో సరే, డబ్బు ఆపడం సరే. ఫీజు దగ్గరే పేచీ. రెండు వేల నాణేనికి నిపుణుడి ఫీజు, రానూపోనూ కొరియర్ కలిపితే నాణెం ధర దాటిపోతుంది. ఆ భయంతో కొత్తగా సేకరించే కుర్రాళ్లు డూప్లికేట్ అని తెలిసినా నోరు మూసుకుంటారు. అమ్మకం మీద కమిషన్ తీసుకునేది సైటు. అయిదు వేల లోపు నాణేలకు ఆ ఫీజు సైటే కట్టాలి. అంగడి గారూ, మీరు దీనికి ఒప్పుకుంటారా?

నాణేల_అంగడి:
ఒప్పుకుంటాను. కాకపోతే పోత బిళ్లలు అమ్మి ఒకసారి దొరికినవాడి పాన్ నంబర్‌ను కూడా బ్లాక్ చేయాలి. ఒక్క ఐడీని తీసేస్తే సరిపోదు. ఈ మూడూ కలిపి సైటుకు మెయిల్ రాద్దాం. డ్రాఫ్ట్ రేపు ఇక్కడే పెడతాను, సంతకం చేసేవాళ్లు చెప్పండి.